ఒకే తరంగం, పలు పేర్లు: విద్యుదయస్కాంత తరంగాలు, కాంతి

విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం ఒకదాన్నొకటి పుట్టించుకుంటూ శూన్యంలో సైతం ముందుకు సాగే అలలను విద్యుదయస్కాంత తరంగాలు అంటారు. కంటికి కనిపించే కాంతి వాటిలో ఒక చిన్న భాగం. రేడియో తరంగాలు, మైక్రోవేవ్‌లు, పరారుణ కిరణాలు, కాంతి, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు అని ఏడు పేర్లతో పిలిచేదంతా ఒకే కుటుంబం. శూన్యంలో వీటన్నిటి వేగమూ ఒక్కటే: సెకనుకు 29,97,92,458 మీటర్లు. ఈ సంఖ్య ఎంత నికరమైనదంటే 1983 నుంచి మీటరు పొడవునే దీని ఆధారంగా నిర్వచిస్తున్నారు. కుటుంబం ఒకటే అయినా సభ్యుల నడత మాత్రం ఒకదానితో ఒకటి పోలదు. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో మిట్టమధ్యాహ్నం నిజాం కాలేజీ పాత భవనం మీద ఎండ పడుతుంది. అదే సమయంలో అదే గోడలకు ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రానికి దశాబ్దాలుగా గుర్తుగా నిలిచిన 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్, 101.9 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం., వీధిలో నడిచేవారి సెల్‌ఫోన్ సంకేతాలు కూడా తగులుతాయి. ఎండ గోడ దగ్గరే ఆగిపోతుంది. రేడియో లోపలి గదిలో వినిపిస్తుంది. సెల్ సంకేతం కొంత బలం కోల్పోయి లోపలికి చేరుతుంది. ఇంత తేడా ఉన్న మూడింటినీ ఒకే వస్తువు అనడం ఎలా న్యాయం? ఈ వ్యాసం చెప్పే జవాబు ఇది. తరంగాల మధ్య ఉన్న తేడా ఒకే ఒక్క సంఖ్య, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న పౌనఃపున్యం. మిగిలిన తేడాలన్నీ ఆ తరంగం ఎదురుపడినప్పుడు పదార్థం ఇచ్చే జవాబులోనివి. కాంతి తరంగమా, కణమా అన్న పాత తగవు కూడా ఈ దారిలోనే తేలుతుంది. ఈ వాదనకు పనికొచ్చే సాక్ష్యాన్ని ప్రపంచానికి అందించినవారిలో ఇద్దరు, సూరి భగవంతం, వైను బప్పు, ఈ నిజాం కాలేజీలో చదువుకున్నవారే.

క్షేత్రాల నుంచి తరంగం

అయస్కాంతం చుట్టూ ఇనుప రజను చల్లితే అది గీతలుగా సర్దుకుంటుంది. ఆ ప్రభావం వ్యాపించిన మేరను క్షేత్రం అంటాం. మారుతున్న అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. మన ఇళ్లకు కరెంటు పంపే ప్రతి జనరేటరూ ఈ సూత్రం మీదే తిరుగుతుంది. దీనికి జోడీగా, మారుతున్న విద్యుత్ క్షేత్రం కూడా అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించాలని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గణితంతో తేల్చాడు. రెండూ నిజమైతే ఫలితం తప్పనిసరి. ఒక చోట విద్యుదావేశాన్ని ఊపితే అక్కడి విద్యుత్ క్షేత్రం మారుతుంది, ఆ మార్పు పక్కనే అయస్కాంత క్షేత్రాన్ని లేపుతుంది, అది మళ్లీ ఆ పక్కన విద్యుత్ క్షేత్రాన్ని లేపుతుంది. ఇలా ఒకదాని చేయి ఒకటి అందుకుంటూ అల సాగిపోతుంది. ఆ అల వేగమెంతో తెలుసుకోవడానికి మాక్స్‌వెల్ కాంతిని చూడనవసరం లేకపోయింది. విద్యుత్తు, అయస్కాంతత్వాల బలాలను పోల్చి 1856లో వేబర్, కోల్‌రాష్ చేసిన కొలతల నుంచి సెకనుకు 3,10,740 కిలోమీటర్ల వేగం వచ్చింది. పళ్ల చక్రాన్ని తిప్పి 1849లో ఫిజో కొలిచిన కాంతి వేగం, మాక్స్‌వెల్ తన వ్యాసంలో ఉదహరించిన లెక్క ప్రకారం, 3,14,858 కిలోమీటర్లు. సీసాలలో నిలవచేసిన విద్యుత్తు మీద చేసిన కొలతా, దీపపు వెలుగు మీద చేసిన కొలతా ఒకే అంకె దగ్గరకు వచ్చి చేరాయి. ఒకదాన్నొకటి ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్లయింది ఇది. కాంతి విద్యుదయస్కాంత తరంగమే అని మాక్స్‌వెల్ నిర్ణయించడానికి కారణం ఇదే. ఆయన పూర్తి సిద్ధాంతం 1865లో వెలువడింది.

రెండు అంకెలు కలవడం కాకతాళీయం కావచ్చు గదా అని అడగడం సబబే. అందుకే ఈ ఊహకు ప్రయోగ పరీక్ష అవసరమైంది. ఆ పరీక్ష మొదలైన 1887లోనే హైదరాబాద్‌లో నిజాం కాలేజీ ఏర్పడింది. జర్మనీలోని కార్ల్‌స్రూలో హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుత్ నిప్పురవ్వలతో తరంగాలు పుట్టించి, గదికి అవతల ఉంచిన తీగచుట్ట సందులో చిన్న రవ్వ మెరవడం చూశాడు. 1888 నాటికి ఆ తరంగాలకు కాంతి లక్షణాలన్నీ ఉన్నాయని ఒక్కొక్కటిగా చూపించాడు. రేకు మీద పడి అవి పరావర్తనం చెందాయి. తారుతో పోతపోసిన పెద్ద ప్రిజం గుండా పోతూ, గాజు ప్రిజంలో కాంతిలా వంగాయి. సమాంతరంగా బిగించిన తీగల చట్రాన్ని ఒకవైపు పెడితే దాటిపోయాయి, అడ్డం తిప్పితే ఆగిపోయాయి. ఈ చివరిది ధ్రువణం అనే లక్షణం. అల ఊగే దిశ అది సాగే దిశకు అడ్డంగా ఉన్నప్పుడే ఇది సాధ్యం. హెర్ట్జ్ తరంగాల పొడవు మీటరు స్థాయిలో ఉండేది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలతో ఈ లక్షణాలనే ప్రదర్శించాడు. రేడియోకూ కాంతికీ నడుమ ఉన్న ఎడం అలా తగ్గుతూ వచ్చింది. ఎక్కడ వెతికినా ఇక్కడ ఈ తరంగం ఆగి వేరొకటి మొదలైంది అనదగ్గ గట్టు ఏదీ కనిపించలేదు.

ఊగేది ఏమిటి?

తరంగ సిద్ధాంతానికి వచ్చిన మొదటి పెద్ద అభ్యంతరం చాలా సహజమైనది. చెరువులో అల అంటే నీరు ఊగుతుంది. ధ్వని అంటే గాలి ఊగుతుంది. సూర్యుడికీ భూమికీ నడుమ ఖాళీలో ఊగేదేమిటి? పంతొమ్మిదో శతాబ్దపు శాస్త్రవేత్తలు దీనికి ఈథర్ అనే పదార్థాన్ని ఊహించారు. విశ్వమంతా నిండిన ఈథర్‌లో భూమి ఈదుతుంటే, భూమి సాగే దిశలో కాంతి వేగం ఒక రకంగా, అడ్డదిశలో మరో రకంగా ఉండాలి. 1887లోనే అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మైకెల్సన్, మోర్లీ ఈ తేడాను పట్టడానికి సున్నితమైన ప్రయోగం చేశారు. ఆశించిన తేడా కనబడలేదు. 1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఈథర్ అవసరమే లేకుండా చేసింది. ఇక్కడ ఊగేది క్షేత్రమే. క్షేత్రం ఖాళీకి ఉన్న గుణం. దాన్ని మోయడానికి ఇంకో పదార్థం అక్కర్లేదు. ఇది మాటలతో సమస్యను దాటవేయడం కాదా అనిపించవచ్చు. కానీ క్షేత్రం కల్పన కాదనడానికి గట్టి రుజువు ఉంది. అది శక్తిని మోస్తుంది, తోపును కూడా మోస్తుంది. వాతావరణం పైన సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీదా సుమారు 1,361 వాట్ల శక్తి పడుతుంది. ఆ కాంతిని పూర్తిగా పీల్చుకునే హెక్టారు వైశాల్యం గల పలకను అక్కడ పరిస్తే, దాని మీద ఎండ వేసే తోపు ఐదు గ్రాముల బరువుకు కాస్త తక్కువ ఉంటుంది. ఎంత స్వల్పమైనా అది కొలతకు అందేదే. 1901 నాటికే రష్యాలో లెబెదెవ్ కాంతి పీడనాన్ని ప్రయోగశాలలో కొలిచి చూపాడు. సూర్యుడి దగ్గర శక్తిని తీసుకుని, ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల తరవాత భూమి దగ్గర దాన్ని అప్పగించేది ఏదైనా, దారిలో ఉన్నంత సేపూ అది నిజంగా ఉన్నట్టే లెక్క.

పదార్థం ఇచ్చే జవాబు

ఇప్పుడు గోడ ప్రశ్నకు తిరిగి వద్దాం. తరంగం ఎదురుపడిన వస్తువు ఏం చేస్తుందన్నది ముఖ్యంగా రెండు విషయాలపై ఆధారపడుతుంది. మొదటిది పరిమాణాల పోలిక. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 406 మీటర్లు. 101.9 మెగాహెర్ట్జ్ తరంగానిది మూడు మీటర్లకు కాస్త తక్కువ. 1,800 మెగాహెర్ట్జ్ సెల్ తరంగానిది 17 సెంటీమీటర్లు. ఆకుపచ్చ కాంతి తరంగాలు ఒక్క మీటరులో సుమారు 18 లక్షలు ఇముడుతాయి. తనకన్నా చిన్న అడ్డంకిని అల చుట్టుకుపోతుంది, తనకన్నా చాలా పెద్ద అడ్డంకి వెనక నీడను వదులుతుంది. బిర్లా ప్లానెటోరియం ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట ఎండకు స్పష్టమైన నీడ వేస్తుంది. నాలుగు వందల మీటర్ల అలకు మాత్రం ఆ గుట్ట పెద్ద అడ్డంకి కాదు, చుట్టుకుని అవతలికి చేరుతుంది. బషీర్‌బాగ్ ఫ్లైఓవర్ లాంటి వంతెనల కింద ఇది తలకిందులవుతుంది. ఇనుము నిండిన కాంక్రీటు కప్పు కింద సందు చిన్నది కాబట్టి పొడవాటి మీడియం వేవ్ అల లోపలికి దూరలేక కారు రేడియోలో మాట సన్నగిల్లుతుంది, పొట్టి ఎఫ్.ఎం. అల అదే సందులోంచి వచ్చేస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ తలుపు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. లోపలి తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, తలుపు జాలీ కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఆ తరంగం బయటికి రాదు, లోపల ఉడుకుతున్న అన్నం మాత్రం మనకు కనబడుతుంది. తలుపు ఒక్కటే, తరంగం జాతి ఒక్కటే. జవాబులు రెండు.

రెండో విషయం, పదార్థంలోని ఆవేశాలు ఎంత వేగంగా ఊగగలవన్నది. లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి కాబట్టి రేడియో నుంచి కాంతి దాకా వచ్చిన అలకు తగ్గట్టు ఊగి దాన్ని వెనక్కి తిప్పేస్తాయి. అద్దం వెనక వెండి పూత చేసే పని ఇదే. గాజులో ఎలక్ట్రాన్లు అణువులకు కట్టుబడి ఉంటాయి. కాంతి పౌనఃపున్యాలలో ఆ కట్టు వాటిని తరంగం శక్తిని మింగనివ్వదు. అందుకే గాజు పారదర్శకం. అయినా ఆ ఎలక్ట్రాన్లు కొద్దిగా ఊగుతూ అల నడకను మందగింపజేస్తాయి. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లకు తగ్గుతుంది. ప్రిజం వంపు, కళ్లజోడు పని, ఫైబర్ తీగలో ఇంటర్నెట్ ప్రయాణం, అన్నిటికీ మూలం ఈ మందగింపే. ఇదే మామూలు కిటికీ గాజు అతినీలలోహిత కిరణాల్లో పొట్టివాటిని, పరారుణంలో పొడుగువాటిని మింగేస్తుంది. ఆ రెండు కొసల్లోనూ అది నల్లరాయితో సమానం. కాబట్టి పారదర్శకం అన్నది గాజుకు శాశ్వతంగా అంటిన గుణం కాదు, ఏ తరంగానికి అన్న ప్రశ్నతోనే దానికి అర్థం. కాంతి అన్న పేరు కూడా అంతే. సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగాలకు మన కంటి రెటీనాలోని అణువులు స్పందిస్తాయి కాబట్టి వాటిని కాంతి అన్నాం. 1800లో విలియం హెర్షెల్ ప్రిజం చిమ్మిన రంగుల్లో ఎరుపుకు ఆవల, ఏ వెలుగూ లేనట్టున్న చోట థర్మామీటరు పెడితే పాదరసం పైకెక్కింది. మరుసటి ఏడాది రిట్టర్ ఊదారంగుకు ఆవల వెండి లవణం నల్లబడడం చూశాడు. కన్ను చీకటి అన్న చోట్లే థర్మామీటరు, వెండి లవణం వెలుగు ఉందన్నాయి. తరంగం అక్కడ ముందునుంచీ ఉంది. దాన్ని పట్టే సాక్షి మారినప్పుడు దాని పేరు మారింది.

గింజల లెక్క

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి అభ్యంతరం 1887 నాటి హెర్ట్జ్ బల్ల మీదే పుట్టింది. అతినీలలోహిత కాంతి సోకినప్పుడు నిప్పురవ్వ సులువుగా దూకుతోందని ఆయన గమనించాడు. ఆ కాంతి లోహంలోంచి ఎలక్ట్రాన్లను బయటికి లాగుతోందని తరవాత తేలింది. దీన్ని కాంతి విద్యుత్ ఫలితం అంటారు. కాంతి అలే అయితే, ఎరుపు కాంతిని కూడా దండిగా కురిపిస్తే ఎలక్ట్రాన్ ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి. జింకు పలక విషయంలో ఎంత ప్రకాశవంతమైన ఎరుపు దీపం పెట్టినా ఆ పని జరగదు, మందకొడి అతినీలలోహిత దీపం వెంటనే చేసేస్తుంది. 1905లో ఐన్‌స్టీన్ దీనికి కారణం చెప్పాడు. కాంతి పదార్థంతో శక్తిని ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గింజల లెక్కన ఇస్తుంది. ఒక్కో గింజ శక్తి దాని పౌనఃపున్యాన్ని ప్లాంక్ స్థిరాంకంతో హెచ్చిస్తే వచ్చేంత. ఈ గింజకే తరవాత ఫోటాన్ అని పేరొచ్చింది. జింకు నుంచి ఎలక్ట్రాన్‌ను పెకలించడానికి సుమారు 4.3 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఎరుపు ఫోటాన్ దగ్గర రెండుకు మించి ఉండవు. పది రూపాయల నాణెం మాత్రమే తీసుకునే యంత్రంలో ఐదు రూపాయల నాణేలు ఎన్ని వేసినా లాభం లేనట్టే ఇది. మామూలు వెలుతురులో ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కసారికి ఒక్క ఫోటానే అందుతుంది.

అయితే కాంతికి గింజ, రేడియోకు అల అని కుటుంబాన్ని రెండుగా చీల్చేయాలా? అక్కర్లేదని లెక్క చెబుతుంది. హైదరాబాద్ సంస్థానంలో 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో ప్రసారాలు ప్రారంభించినప్పుడు దాని ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం 200 వాట్లు. అంత చిన్న సామర్థ్యాన్నే పైన చెప్పిన 738 కిలోహెర్ట్జ్ మీద ఊహించి చూద్దాం. ఆ పౌనఃపున్యం వద్ద ఒక్కో ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు 33 కోట్లవ వంతు. 200 వాట్లంటే సెకనుకు 4 పక్కన 29 సున్నాలు పెట్టినన్ని ఫోటాన్లు వెలువడాలి. గోదావరి ఒడ్డున నిలబడ్డవాడికి నీటి బొట్లు విడివిడిగా తెలియనట్టు, ఇన్ని గింజల ప్రవాహంలో ఏ ఏరియల్‌కూ గింజ తెలియదు, నునుపైన అల మాత్రమే తెలుస్తుంది. ఎక్స్ కిరణంలో ఇది తిరగబడుతుంది. ఒక్కో ఫోటాన్ శక్తి వేల ఎలక్ట్రాన్ వోల్టులు. 1923లో కాంప్టన్ ఎక్స్ కిరణాలు ఎలక్ట్రాన్లకు తగిలి గోలీకాయల్లా తుళ్లిపోవడం చూపించాడు. కాంతి ఈ రెండు కొసలకు నడుమ ఉంది. దాని ఫోటాన్ శక్తి సుమారు 1.8 నుంచి 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే అణువుల్లో ఎలక్ట్రాన్లను ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎక్కించే ఖర్చుతో సరితూగేది. అందుకే సన్నని రెండు చీలికల గుండా పోయినప్పుడు అలగా చారలు గీస్తుంది, ఆకు మీద పడినప్పుడు గింజగా పత్రహరితాన్ని కదిలిస్తుంది. అల, గింజ అన్నవి కాంతికి ఉన్న రెండు జన్మలు కావు. ఎదురుపడిన పదార్థం అడిగిన రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబులు అవి.

భగవంతం సాక్ష్యం

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం నిజాం కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ వద్ద చేరాడు.  ఆ ఏడాది ఫిబ్రవరి 28న రామన్ తన ఫలితాన్ని కనుగొన్నాడు. దాన్ని అర్థం చేసుకోవడానికి పరిక్షేపణం అంటే ఏమిటో తెలియాలి. గాలి అణువు మీద కాంతి పడితే దానిలోని ఎలక్ట్రాన్లు ఆ లయలోనే ఊగి, చిన్న ఏరియల్‌లా అన్ని దిక్కులకూ కాంతిని చిమ్ముతాయి. పొట్టి తరంగాలను ఇలా చిమ్మడం చాలా ఎక్కువ. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపుకన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. పగటి ఆకాశం నీలంగా ఉండడానికీ, హుస్సేన్‌సాగర్ మీద అస్తమించే సూర్యుడు ఎర్రబారడానికీ కారణం ఇదే. ఇలా చిమ్మిన కాంతిలో అతి కొద్ది భాగం రంగు మారి వస్తుందని రామన్ కనిపెట్టాడు. ఫోటాన్ అణువును కదిలించడానికి కొంత శక్తి ఇస్తుంది, లేదా ఊగుతున్న అణువు నుంచి కొంత తీసుకుంటుంది. ఆ తేడా అణువు నిర్మాణాన్ని పట్టిస్తుంది.

రామన్, భగవంతం మరో అడుగు వేశారు. వాయువులు చిమ్మిన కాంతి ధ్రువణాన్ని జాగ్రత్తగా కొలిచి, ఫోటాన్ తన చుట్టూ తాను తిరుగుతున్నట్టుగా ఒక నియత పరిమాణంలో కోణీయ ద్రవ్యవేగాన్ని మోస్తోందని 1931, 1932లలో ప్రకటించారు. దీన్ని ఫోటాన్ స్పిన్ అంటారు. తరంగ సిద్ధాంతాన్ని నమ్మేవారు ఇక్కడ న్యాయమైన అడ్డుప్రశ్న వేయవచ్చు. అలకు కూడా తిప్పే గుణం ఉంది గదా? వృత్తాకార ధ్రువణం గల కాంతిలో విద్యుత్ క్షేత్రం మరసీలలా తిరుగుతూ సాగుతుంది. అది వస్తువును తిప్పగలదని పాయింటింగ్ 1909లోనే లెక్కగట్టాడు. ఫోటాన్ స్పిన్ అన్నది వేరే కొత్త సంగతి ఎలా అవుతుంది? 1936లో రిచర్డ్ బెత్ దీన్ని నేరుగా పరీక్షించాడు. సన్నని క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసిన చిన్న క్వార్ట్జ్ పలక గుండా వృత్తాకార ధ్రువణ కాంతిని పంపితే పలక మెలి తిరిగింది. తిరిగినంత మేరా తరంగ లెక్కతోనూ సరిపోయింది, ఒక్కో ఫోటాన్‌కు ఒక్కో స్పిన్ చొప్పున వేసిన లెక్కతోనూ సరిపోయింది. అడ్డుప్రశ్న వాదాన్ని పడగొట్టలేదు, బలపరిచింది. తరంగ భాషలో ధ్రువణం అన్నదీ, గింజల భాషలో స్పిన్ అన్నదీ ఒకే నిజం. భగవంతం తరవాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా పనిచేశాడు. ఆయన పదవులకన్నా, ఇరవై రెండేళ్ల వయసులో కాంతి తత్త్వం గురించి ఇంత మౌలికమైన ప్రశ్నకు ప్రయోగంతో జవాబు వెతకడం తెలుగువారు ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం.

బప్పు చదివిన వెలుగు

చేతికి అందని వస్తువు గురించి కాంతి చెప్పే మాటను నమ్మవచ్చా అన్నది మరో అభ్యంతరం. భూమ్మీది పదార్థాన్ని తాకి చూడగలం, నక్షత్రాన్ని తాకలేం. ఇక్కడ ఒకే తరంగం అన్న వాదన అసలైన పరీక్షకు నిలబడాలి. ఎందుకంటే ప్రయోగశాలలోని కాల్షియం ఏ రేఖలు చిమ్ముతుందో నక్షత్రంలోని కాల్షియం కూడా అవే రేఖలు చిమ్మాలి. నిజంగానే అలా జరుగుతుంది. అయనీకృత కాల్షియం 393.4, 396.8 నానోమీటర్ల వద్ద గీసే కె, హెచ్ రేఖలు సూర్యుడిలోనూ వేల నక్షత్రాలలోనూ అదే జంటగా కనిపిస్తాయి. నక్షత్రం దగ్గరకో దూరానికో కదులుతుంటే జంట మొత్తం ఒకే నిష్పత్తిలో జరుగుతుంది. కాబట్టి పోలిక చెదరదు. వైను బప్పు 1927లో మద్రాసులో పుట్టి, తండ్రి ఉద్యోగం చేసిన నిజామియా అబ్జర్వేటరీ నీడన హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివాడు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన ఆ వేధశాల తరవాత బేగంపేటకు మారింది. అంతర్జాతీయ ఖగోళ పట పథకంలో పాల్గొని లక్షల నక్షత్రాల స్థానాలను ఫొటో పలకల మీద కొలిచింది. బప్పు హార్వర్డ్ వెళ్లి 1949లో మరో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనుగొన్నాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ప్రకటించిన ఫలితానికి విల్సన్–బప్పు ప్రభావం అని పేరు.

చల్లని నక్షత్రాల కె రేఖ నడుమ సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. 185 నక్షత్రాలలో ఆ గీత వెడల్పు కొలిస్తే అది నక్షత్రం అసలు ప్రకాశంతో కలిసి నడుస్తోందని తేలింది. ప్రకాశం పెరిగేకొద్దీ గీత వెడల్పు పెరుగుతుంది, నక్షత్రం రంగు మారినా ఈ సంబంధం దాదాపు చెక్కుచెదరదు. పదిహేను ప్రకాశ తరగతుల మేర, అంటే పది లక్షల రెట్ల తేడా అంతటా ఇది వర్తించింది. గీత వెడల్పు చూస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది, అసలు ప్రకాశాన్ని కనిపించే ప్రకాశంతో పోలిస్తే దూరం తెలుస్తుంది. ఇది కొలతల్లో కనిపించిన సంబంధమే తప్ప కారణం చెప్పదు గదా అనవచ్చు. కారణం మీద చర్చ ఆ తరవాత చాలాకాలం సాగింది. అయినా దూరాలు ఇతర పద్ధతుల్లో తెలిసిన నక్షత్రాలతో సరిచూశాకే ఈ కొలబద్దను వాడతారు. కాబట్టి దాని విలువ కారణం కోసం ఆగనక్కర్లేదు. నానోమీటరులో పదోవంతు మేర వెడల్పున్న గీతలో నక్షత్రం దూరం దాగి ఉండడం సాధ్యమైందంటే, అక్కడి కాల్షియం పరమాణువూ ఇక్కడి కాల్షియం పరమాణువూ ఒకే తరంగానికి ఒకే జవాబు ఇస్తున్నాయన్నమాట.

హాని సంగతి

ఈ అవగాహన నిత్యజీవితంలో ఒక భయానికి కూడా హద్దు చూపిస్తుంది. రేడియేషన్ అన్న ఒక్క మాట సెల్ టవర్‌కూ, ఎక్స్‌రే యంత్రానికీ, ఎండకూ వాడుతుంటే జనం కంగారుపడడం సహజం. అన్నీ ఒకే తరంగం అయినప్పుడు హాని కూడా ఒకటే గదా అనిపించవచ్చు. కానీ హాని కూడా పదార్థం ఇచ్చే జవాబే. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీసేందుకు పది ఎలక్ట్రాన్ వోల్టుల మేర శక్తి ఒక్క దెబ్బలో కావాలి. ఎక్స్ కిరణానికి అది సులువు. అతినీలలోహిత ఫోటాన్‌కు అంత బలం లేకపోయినా నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులతో చర్మ కణాల జన్యు పదార్థాన్ని చెడగొట్టగలదు. 1,800 మెగాహెర్ట్జ్ సెల్ ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షా ముప్పై అయిదు వేలవ వంతు, గది వేడికి అణువులు ఊగే శక్తిలో కూడా మూడు వేలవ వంతుకు తక్కువ. అది అణు బంధాలను తెంచలేదు. ఎక్కువ మోతాదులో పడితే కణజాలాన్ని వేడి చేయగలదు. భద్రతా పరిమితులు ముఖ్యంగా ఆ వేడిని దృష్టిలో ఉంచుకుని పెట్టినవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం రేడియో తరంగాలను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. పరిమితమైన ఆధారాలు ఉన్నప్పుడు వాడే తరగతి అది. దాని అర్థం పరిశీలన కొనసాగాలని. జాగ్రత్తలో ముందువెనకలు మాత్రం స్పష్టం. నడినెత్తిన ఎండలో గంటల తరబడి పనిచేసేవారికి నీడ, అనవసరమైన ఎక్స్‌రేలకు దూరం, ఈ రెండూ సెల్ టవర్ చర్చకన్నా ముందు పట్టించుకోవలసినవి.

మాక్స్‌వెల్ పోల్చిన రెండు అంకెలు, హెర్ట్జ్ తిప్పిన తీగల చట్రం, హెర్షెల్ చీకట్లో పెట్టిన థర్మామీటరు, భగవంతం కొలిచిన ధ్రువణం, బప్పు కొలిచిన గీత వెడల్పు, అన్నీ ఒకే రకం పని. తరంగాన్ని విడిగా ఎవరూ చూడలేదు. ప్రతిసారీ ఒక పదార్థాన్ని దానికి ఎదురుపెట్టి, ఆ పదార్థం ఏమందో విన్నారు. కన్ను కూడా అలాంటి పదార్థాలలో ఒకటి, దాని వినికిడి చాలా ఇరుకు. బషీర్‌బాగ్ గోడల మీద పడే ఎండా, ఆ గోడల్లోంచి పోయే మాటా ఒకటేనని కన్ను ఎన్నటికీ చెప్పలేదు. కొలత చెప్పింది. ఆ కొలత నేర్చినవారిలో ఇద్దరు భౌతికశాస్త్రం చదువుకున్నది ఆ గోడల లోపలే.